ఎవురో చేసినారు

పొద్దున్నే మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏదో ఒకటి పెట్టకపోతే నాకు టీ తాగినట్టే ఉండదు. ప్రొద్దుటూరులో నాది మ్యాచింగ్ అంగడి. చీరకు కలిసే జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాల్సు అమ్ముతాను. పదకొండు దాకా పెద్దగా బేరాలు ఉండవు. అంతసేపూ కౌంటరు మీద మోచేతులు పెట్టుకుని ఫోన్లో లోకాన్ని బాగుచేస్తుంటాను. నా చదువు పదితోనే ఆగింది, అదీ లెక్కల్లో తప్పి. అయినా ఆలోచించడానికి సర్టిఫికెట్ ఎవరడుగుతారు?

ఆ వారం నేను పట్టుకున్న విషయం చిన్నది కాదు. ఈ విశ్వం ఎట్లా పుట్టిందని.

"చూడండప్పా," అని గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను. "సైన్సోళ్లు ఏమంటాండారు? ఏదో పేలిందంట. దుమ్ము లేసిందంట. అది ముద్దకట్టి సూర్యుడైందంట. కోట్ల సంవత్సరాలు కావల్లంట. ఎన్ని చెప్పుకోవల్ల, ఎన్ని నమ్మల్ల! నేను ఒక్కటే చెప్తాండా. ఎవురో చేసినారు. అయిపాయ. ఒక్క మాటతో పోయేదానికి ఇన్ని తిప్పలు ఎందుకప్పా?"

షాకీర్ చప్పట్ల బొమ్మలు పెట్టాడు. వాడు ఎవరేం చెప్పినా చప్పట్లే కొడతాడు. క్రిస్టోఫర్ మాత్రం వదల్లేదు.

క్రిస్టోఫర్ జమ్మలమడుగులో సైన్సు సారు. వాళ్ల చర్చిలో పెద్ద కూడా. ఆదివారం వాక్యం చదివేది, జబ్బు చేసినవాళ్ల ఇళ్లకు పోయి ప్రార్థన చేసేది అతనే. దేవుడి తరఫున నేను మాట్లాడుతుంటే అతను నా పక్కన నిలబడతాడనుకున్నాను. అతను అడ్డం తిరిగాడు.

"ఓబులేసూ, నీ మాట చిన్నది. మాట చిన్నదైతే సంగతి సులువైపోతాదా? నీ అంగడికి ఒకామె వచ్చి 'అన్నా, ఎర్ర లైనింగు ఇయ్యి' అంటాది. ఒక్క మాటే గదా. నువ్వు కళ్లు మూసుకుని ఇచ్చేస్తావా?"

నేను బీరువా వైపు చూశాను. ఒక అరంతా ఎరుపే. మిరపపండు ఎరుపు, ఇటుక ఎరుపు, దానిమ్మ ఎరుపు, కుంకుమ ఎరుపు. అయినా తగ్గలేదు.

"దేవునికి భాగాల్లేవప్పా. నిరాకారుడు. నిరాకారం కంటే సులువైంది ఏముంది?"

"భాగాల్లేవు, సరే. అయితే ఈ నేల మింద చీనీచెట్టు ఉండల్ల, దాని కాయలో ఇన్ని తొనలుండల్ల అని ఆయనకు తెలిసింది గదా? అంత తెలిసినాయన నీకు చిన్న లెక్కనా? ఇంత పెద్ద లోకాన్ని చెప్పేదానికి అంతకంటే పెద్దాయన్ను తెచ్చి పెట్టి, బరువు తగ్గింది అంటాండావు."

"నువ్వు చర్చి పెద్దవై ఉండి ఈ మాటలంటావా?"

"చర్చి పెద్దను కాబట్టే అంటాండా. నేను మోకాలూనేది ఆయన కాడనే. ఆయన సులువని మాత్రం నేను ఎప్పుడూ చెప్పల్యా. సులువైన దేవుడైతే నాకెందుకప్పా?"

ఆ మాటకు షాకీర్ మళ్లీ చప్పట్లు పెట్టాడు. నాకు రోషమొచ్చింది. గ్రూపులో అయితే క్రిస్టోఫర్ మళ్లీ సమాధానం చెబుతాడని, బుధవారం సాయంత్రం నా మాటను స్టేటస్‌లో పెట్టాను. నా నంబరున్న చుట్టాలందరూ చూస్తారు, ఎవరూ ఎదురు చెప్పరు. దీపం బొమ్మ వెతికి, కింద ఇట్లా రాశాను:

"ఇన్ని జరుగుతాండాయంటే ఎవురో ఒకరు చేసినారనుకునేదే సులువు. వేరే కారణాలు ఎతుక్కుంటా తిరిగేది తెలివితక్కువ."

చివర దండం బొమ్మ కూడా పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం నా చెల్లెలు స్వాతి ఫోన్ చేసింది. పులివెందుల దగ్గర పల్లెలో ఇచ్చాం దాన్ని. మా బావమరిది శివకు చీనీతోట, అదే బత్తాయి తోట, ఉంది.

"అన్నా, ఏం పని చేసినావు నువ్వు?" అంది.

"నేనేం చేసినాను?"

"ఆ స్టేటసు ఎందుకు పెట్టినావు? మా ఇంటాయన దాన్ని ఫోటో తీసి పెట్టుకున్యాడు. 'మీ యన్న అంతటోడే చెప్పినాడు, ఎవురో చేసినారని' అంటా ఊరంతా చూపిస్తాండాడు. అక్కే చేసిందంట. రేపు పొద్దున ఆంజనేయస్వామి కాడ అక్క చేత కర్పూరం ఆర్పిస్తాడంట."

మా దిక్కు 'చేసినారు' అంటే మామూలు చేయడం ఒకటి. రెండోది చేతబడి. ఏం చేశారో పేరెత్తరు, భయం. ఉత్త 'చేసినారు' అంటారు, వినేవాళ్లకు అర్థమైపోతుంది. నేను నక్షత్రాలను తలుచుకుంటూ రాసిన మాటను మా బావమరిది తన తోటలో నిలబడి చదువుకున్నాడు.

అక్క అంటే భారతమ్మ. శివ వాళ్లన్న చనిపోయాడు, ఆయన భార్య. గోడ అవతల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. స్వాతి రెండు కాన్పులకూ మా అమ్మ లేని లోటు తీర్చిందామె. పిల్లలకు స్నానాలు పోసింది, స్వాతికి పథ్యం వండింది. అట్లాంటి మనిషి వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను చేయలేదని ఊరి ముందు ప్రమాణం చేయాలట.

"అక్క ఏమంటాది?"

"ఆర్పుతాను అంటాది. ఆర్పినాంక ఇంగ ఈ గడప తొక్కనంట. నంద్యాలలో వాళ్ల తమ్ముని కాడికి పోతాదంట. అన్నా, ఆ యమ్మ పాయనంటే నాకు ఈడ ఎవురుండారు?"

ఫోన్ పెట్టేసి శివకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. అప్పుడు క్రిస్టోఫర్‌కు చేశాను. ఆ స్టేటస్ విశ్వం గురించి పెట్టిందేనని సాక్ష్యం చెప్పగలిగిన మనిషి అతనొక్కడే.

అతను అంతా విన్నాడు. తర్వాత, "రేపు రెండో శనివారం. బడి లేదు. తెల్లార్తో ఈడికి వచ్చెయ్, నా కారులో పోదాం," అన్నాడు.

జమ్మలమడుగులో బస్సు దిగేసరికి కారు తుడుచుకుంటూ ఉన్నాడు. ముద్దనూరు దాటే దాకా నన్ను ఒక్క మాట అనలేదు. నాకే ఉండబట్టలేదు.

"తిట్టేదుంటే తిట్టప్పా."

"నేనెందుకు తిడతా? మీ బావమర్ది నీకంటే మంచి శిష్యుడు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తాండాడు."

"నేను చెప్పింది దేవుని గురించి!"

"దోవ మాత్రం ఒకటే గదా. 'ఇన్ని జరిగినాయి, ఒకరు చేసినారు, ఇంగ ఎతకొద్దు.' ఆ దోవన నువ్వు దేవుని కాడికి పోయినావు. ఆయప్ప వాళ్ల వదిన కాడికి పోయినాడు."

నేను శివకు మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మేం పోయేసరికి శివ పంచె కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వాకిట్లో స్టీలు తట్టలో కర్పూరం పొట్లం. గోడ దగ్గర భారతమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక సంచి. అంటే సర్దుకోవడం కూడా అయిపోయింది.

"రా బావా, సమయానికి వచ్చినావు," అన్నాడు శివ.

"సమయం కాదు, సంగటి కాదు. ఆ స్టేటసు నీ తోట గురించి కాదప్పా. ఈ భూమి, ఆకాశం ఎట్ల పుట్టినాయని పెట్టింది. ఇదో, ఈ సారును అడుగు."

క్రిస్టోఫర్ తలూపాడు. "నిజమే శివా. వారం నుంచి మేమిద్దరం దాని గురించే కొట్లాడుకుంటాండాం."

శివ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "భూమి, ఆకాశమా? మీకు పనేం లేదా?"

భారతమ్మ ముఖంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది.

"సరే, దాని గురించే పెట్టినావనుకో," అన్నాడు శివ. "మాట తప్పా? అంత పెద్ద ఆకాశానికే ఎవురో చేసినారు అనుకుంటే సరిపోయినప్పుడు, నా తోటకు సరిపోదా?"

అతను వేళ్లు మడుస్తూ చెప్పాడు. పోయిన ఎండాకాలం మూలన కొత్త బోరు వేశాడు. అప్పటి నుంచే మొదలు. చీనీ ఆకులు పసుపు తిరిగి, కొమ్మల కొనలు ఎండుతున్నాయి. మోటారు రెండు మాట్లు కాలింది. డ్రిప్పు పైపుల బొక్కలు పూడుకుపోతున్నాయి. స్వాతికి జుట్టు రాలిపోతోంది.

"ఆకరికి పప్పు గూడా ఉడకల్యా బావా! ఎంతసేపు మంట పెట్టినా గింజ గింజలాగే ఉంటాది. పప్పు ఉడకనీకుండా చేసేటోళ్లను యాడన్నా చూసినావా?"

"మరి అక్క మీదికి ఎందుకు పోయినావు?"

"బోరు బండి వచ్చిన దినం ఏమనింది అడుగు. 'ఆ మూల వద్దు శివా, ఆడ మంచిది కాదు' అనింది. ఎట్ల తెలుసు ఈ యమ్మకు?"

"నేను చెప్పేది ఇన్యావా నువ్వు?" అంది భారతమ్మ, మొదటిసారి నోరు తెరిచి. "సగం మాటకే 'అపశకునం పలకద్దు' అని కసిరి పాయ."

క్రిస్టోఫర్ మెల్లగా అడిగాడు. "శివా, వస్తా చూసినా, నీ తోట గట్టు అవతల ఆ చెట్లు ఎవురివి?"

"వదినవి."

"అవి గూడా పసుపు తిరిగినాయి గదా?"

"అనుమానం రాకుండా వాటికి గూడా చేసుకునింటాది."

"మోటారు ఎట్ల కాల్చింది?"

"చేసేటోళ్లకు అదెంత పని?"

"నేల కింద అంత లోతున ఉండే మోటారు..."

"కనపడకుండా చేసేటోళ్లు ఉంటారు సార్. మీకు తెలీదు."

అతను చెబుతున్న కొద్దీ నేను భారతమ్మను చూస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేచే మనిషి ఆమె. శివ నోట్లో ఆమె పెరిగిపోతోంది. కరెంటు తెలిసింది, నేల కిందికి దిగింది, తన చెట్లను తనే ఎండబెట్టుకుంది, వంటింట్లోకి కనపడకుండా వచ్చి పప్పు మీద ఊదింది. 'వదిన చేసింది' అనేది రెండే మాటలు. ఆ రెండు మాటలు నిలబడాలంటే ఎన్ని కొత్త శక్తులు తెచ్చి అతికించాలో! నేను గ్రూపులో చేసింది అచ్చం ఇదే. ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను చెప్పిన ఆ 'చేసినాయన'కు ఒక కొత్త గుణం తగిలించి, మళ్లీ సులువే అన్నాను.

ఆ ఆలోచనలో ఉండగానే పప్పు దగ్గర నా మనసు ఆగింది. మా అంగడికి ఆడవాళ్లు చీర తెచ్చి ట్యూబులైటు కింద గుడ్డ పెట్టి చూసి, కలిసిందన్నా అంటారు. నేను ఒప్పుకోను. చీర, గుడ్డ రెండూ బయటికి పట్టుకుపోయి ఎండలో పక్కపక్కన పెట్టమంటాను. సగం మంది మళ్లీ లోపలికొచ్చి వేరే గుడ్డ తీసుకుంటారు.

"స్వాతీ," అని పిలిచాను. "పప్పు ఏ నీళ్లతో ఉడకబెడతాండావు?"

"బోరు నీళ్లే అన్నా. తాగేదానికి క్యాను తెప్పిస్తాం, వంటకు బోరువే."

"అక్కా, మీ ఇంట్లో?"

"పంచాయతీ కొళాయి నీళ్లప్పా. నాకు బోరు యాడిది? నా చెట్లకు పారేది గూడా శివ బోరు నీళ్లే."

"మీ ఇంట్లో పప్పు ఉడుకుతాందా?"

"ఎందుకుడకదు?"

శివ వెంటనే అందుకున్నాడు. "ఆమె ఇంట్లో ఉడుకుతాది బావా. ఆమె చేసింది మా ఇంటికి గదా!"

"సరే. అయితే మీ ఇంట్లోనే వండుదాం. మీ పొయ్యి, మీ గిన్నెలు. ఒక గిన్నెలో మీ పప్పు, కొళాయి నీళ్లు. ఇంకో గిన్నెలో అక్క పప్పు, బోరు నీళ్లు. వండేది స్వాతి. అక్క ఆడనే కూర్చుంటాది, దేన్నీ ముట్టుకోదు. మీ ఇంటికే చేసింటే, మీ పప్పు ఏ నీళ్లలోనైనా ఉడకగూడదు. అంతేనా?"

శివ ఆలోచించాడు. అతను మొండివాడే కానీ తెలివితక్కువవాడు కాదు. "అంతే," అన్నాడు. "ఆంజనేయస్వామి కాడ పెద్దమనుషులు కాచుకోనుంటారే?"

"పప్పు ఉడికే దాకా కాచుకుంటారులే," అన్నాడు క్రిస్టోఫర్. "స్వామి యాడికీ పోడు."

స్వాతి రెండు పొయ్యిలూ వెలిగించింది. మేం ముగ్గురం వంటింటి గడప దగ్గర, భారతమ్మ వాకిట్లో గోడ దగ్గర. ఎంతసేపైందో నేను చూసుకోలేదు. నా కళ్లు గిన్నెల మీదే ఉన్నాయి. శివ ఒకసారి లేచిపోయి బయట తిరిగొచ్చాడు. క్రిస్టోఫర్ కళ్లు మూసుకుని ఉంటే ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను. తీరా చూస్తే కునుకు.

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. రెండూ ఉడకకపోతే? రెండూ ఉడికితే? అప్పుడు నా మాట విని ఇంతసేపు ఆగిన శివ ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఆ సంచి నంద్యాల బస్సెక్కుతుంది.

స్వాతి గరిటెతో మొదటి గిన్నెలో పప్పు తీసి, వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా నలిగి వేళ్లకు అంటుకుంది. దాని కళ్లు పెద్దవయ్యాయి. "ఇది మన పప్పు," అంది. "కొళాయి నీళ్లది."

రెండో గిన్నెలోది నలపబోయింది. గింజ జారి కింద పడింది.

శివ ముందుకొచ్చి తనే తీసి కొరికి చూశాడు. పటుక్కుమంది.

"ఇది వదిన పప్పు గదా?"

"వదిన పప్పే."

"వదిన పప్పే ఉడకల్యా!" అన్నాడు శివ, ఎవరో తనను మోసం చేసినట్టు. తర్వాత గిన్నె వంచి అంచు చూశాడు. నీళ్లు ఇగిరిన చోట తెల్లటి చార. వేలితో గీకాడు. సున్నంలా రాలింది. అట్లాగే లేచి వాకిట్లోకి పోయి, మూలన పడేసిన డ్రిప్పు పైపు ముక్క తెచ్చి బొక్క దగ్గర గీకాడు. అదే తెలుపు.

"మోటారు ఇప్పిన మెకానిక్కు గూడా ఏదో పొర కట్టింది అన్యాడు," అన్నాడు గొంతు తగ్గించి. "నేను ఇనల్యా."

వాకిట్లోంచి భారతమ్మ అంది. "ఆడ సున్నం నీళ్లు పడతాయని మీయన్న అనేటోడు. వాళ్ల నాయన తవ్విన బాయి అందుకే పూడ్సినారంట. అదే చెప్పబోతి ఆ పొద్దు. 'ఆడ మంచిది కాదు' అన్యానో లేదో, కసిరితివి."

మంచిది కాదన్నది నీళ్ల గురించి. ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకున్నారు. నా స్టేటస్‌కు జరిగిందే ఆమె మాటకూ జరిగింది.

శివ ఆ పైపు ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "అయితే బావా, నీ మాట సగం నిజమే. అన్నిటికీ కారణం ఒకటే. కాకుంటే 'ఎవురో' కాదు, 'ఏదో'."

"అన్నిటికీ ఒకటే అంటే చాలదు శివా," అన్నాడు క్రిస్టోఫర్. "ఇది ఒకటే అయినందుకు కాదు మనం నమ్మింది. కాదని తేలే దోవ గూడా పెట్టి చూస్తిమి. పప్పు ఇంకోరకంగా ఉడికింటే మీ బావ నోరు మూసుకునేటోడు."

"ఈయప్పనా? నోరు మూసుకునేదా?" అంది స్వాతి. ఆ పొద్దు అది నవ్వింది అప్పుడే.

శివ భారతమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు. తప్పైందని చెప్పడం అతనికి చేతకాదు. చేతిలో పైపు ముక్కను వెనక్కి దాచుకుని, "వదినా, ఆ సంచి లోపల పెట్టు," అన్నాడు.

ఆమె కదల్లేదు. "ఊరంతా చెప్తివి గదా."

"ఊరంతా మల్ల నేనే చెప్తా."

"ఆంజనేయస్వామి కాడ కాచుకోనుండారే, వాళ్లకు ముందు చెప్పు. పప్పు సంగతి గూడా చెప్పు. సిగ్గుపడి దాచొద్దు."

"చెప్తా వదినా."

అతను చెప్పులేసుకుని గబగబా పోయాడు. అతను వీధి మలుపు తిరిగే దాకా భారతమ్మ చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, సంచిని స్వాతి చేతికిచ్చింది.

"ఈ కర్పూరం ఏం చేద్దామక్కా?" అని అడిగింది స్వాతి తట్ట చూపించి.

"ఏముంది చేసేది? దేవుని పటం కాడ ముట్టిచ్చు. ఆర్పేదానికి తెచ్చిందని ఆ దేవుడు వద్దంటాడా ఏంది?"

స్వాతి వెలిగించింది. నేను చేతులు జోడించాను. క్రిస్టోఫర్ గడప బయట తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మంట ముందు నాకు దేవుణ్ణి ఏదీ అడగాలనిపించలేదు. విశ్వం లెక్క ఆయన చేత చెప్పించాలని వారం నుంచి పడిన తాపత్రయం జారిపోయింది. ఆయన ఆ పని చేసిపెట్టకపోయినా, నా చేతులు వాటంతట అవే కలిశాయి.

అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు భారతమ్మ ఉడికిన పప్పు నా కంచంలో గరిటె నిండా వేసింది.

"అప్పా ఓబులేసూ, అడగడం మరిస్తి. ఇంతకూ భూమి, ఆకాశం ఎవురు చేసినారని తేల్సినారు మీరిద్దరూ?"

క్రిస్టోఫర్ నా వైపు చూశాడు, ఏమంటానో అని.

"తెలీదక్కా," అన్నాను.

ఈ వయసులో, అదీ నలుగురి ముందు, ఆ మాట నా నోట వస్తే ఎంత తేలిగ్గా ఉంటుందో నాకు ఎవరూ చెప్పలేదు.

"తెలీకుంటే పోనీలే," అందామె. "నెయ్యి ఎయ్యనా?"